నష్టం ఒకరిది, నియమం ఒకరిది: పర్యావరణ పాలనపై అర్ధశతాబ్ది పరిశోధనలు

పర్యావరణం విషయంలో మన దేశానికి చట్టాల కరువు లేదు. 1972లో స్టాక్‌హోమ్‌లో జరిగిన ఐక్యరాజ్యసమితి సదస్సులో ఇందిరాగాంధీ ప్రసంగించి వచ్చిన రెండేళ్లకే నీటి కాలుష్య నివారణ చట్టం వచ్చింది. 1976లో 42వ సవరణ పర్యావరణ రక్షణను రాజ్యాంగంలోకి తెచ్చింది. 1980లో అటవీ సంరక్షణ చట్టం, మరుసటి ఏడాది గాలి కాలుష్య చట్టం, భోపాల్ విషవాయు దుర్ఘటన తర్వాత 1986లో పర్యావరణ పరిరక్షణ చట్టం, 1994లో పర్యావరణ ప్రభావ మదింపు నిబంధనలు, 2010లో జాతీయ హరిత ట్రిబ్యునల్ చట్టం వరసగా వచ్చాయి. ఇంతా చేసి, 2009లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి, ఢిల్లీ ఐఐటీ కలిసి దేశంలోని 88 పారిశ్రామిక ప్రాంతాలను కొలిచి చూస్తే 43 ప్రాంతాలు తీవ్ర కాలుష్యపు తరగతిలో తేలాయి. విశాఖపట్నం, పటాన్‌చెరు-బొల్లారం రెండూ ఆ జాబితాలో ఉన్నాయి. పటాన్‌చెరు సంగతి సుప్రీంకోర్టు గడప ఎక్కింది 1990లో. అంటే దాదాపు ఇరవై ఏళ్ల వ్యాజ్యం నడిచాక కూడా అక్కడి నీరు, గాలి ఆ జాబితాలోంచి బయటపడలేదు. చట్టం ఉంది, దానికో మండలి ఉంది, పైన న్యాయస్థానం కూడా ఉంది. అయినా ఫలితం ఎందుకు లేదన్నదే పర్యావరణ పాలన అనే పరిశోధనా రంగానికి మూల ప్రశ్న.

రాజనీతి, ఆర్థిక, న్యాయ, మానవ శాస్త్రాలు, జలవిజ్ఞానం తలా ఒక చేయి వేసిన రంగం ఇది. ఇందులో మొదటినుంచీ రెండు పాయలున్నాయి. 1987లో బ్రుంట్‌లాండ్ కమిషన్ నివేదిక సుస్థిరాభివృద్ధి అన్న మాటకు ప్రపంచవ్యాప్త ప్రచారం తెచ్చింది. 1992 రియో సదస్సు, 2015లో ఐక్యరాజ్యసమితి ఆమోదించిన 17 లక్ష్యాలు ఆ దారిలోవే. లక్ష్యాలు పెట్టడం, సూచికలు తయారుచేయడం, దేశాలకూ రాష్ట్రాలకూ ర్యాంకులివ్వడం ఈ పాయ పని. రెండో పాయకు ఇంత హంగు లేదు. ఒక చెరువు, ఒక అడవి, ఒక కాలువ తీసుకుని నియమం ఎవరు పెట్టారు, ఎవరు పాటించారు, ఎవరు తప్పారు, తప్పినవాణ్ని ఎవరు అడిగారు అని చూస్తుంది. నిధులూ సదస్సులూ మొదటి పాయకే ఎక్కువగా దక్కాయి గానీ, మనకు పనికొచ్చే జ్ఞానం ఎక్కువగా రెండో పాయలోనే పుట్టింది. దానిలోంచి తేలేది, నా లెక్కలో, ఒక్క మాట. నియమం తప్పితే ఎవరి కొంప మునుగుతుందో వారి చేతిలో సమాచారమూ అధికారమూ రెండూ ఉన్నచోట పర్యావరణ పాలన నిలబడింది. రెండింట్లో ఒకటే ఇచ్చినచోట కొన్నాళ్లు నడిచి ఆగింది. రెండూ లేనిచోట కాగితం మీదే ఉండిపోయింది. ఇది పరిశోధకులందరూ ఒప్పుకున్న సిద్ధాంతం కాదు. సాక్ష్యాలను పక్కపక్కన పెట్టి చూస్తే నాకు కనిపించే క్రమం.

ఈ రంగం అసలు మొదలైంది ఒక నిరాశతో. 1968లో గారెట్ హార్డిన్ అనే అమెరికన్ జీవశాస్త్రవేత్త, అందరిదీ అయిన పచ్చికబయలు ఎవరిదీ కాకుండా పోయి నాశనమవుతుందని వాదించాడు. ప్రతి కాపరీ ఇంకో పశువును తోలుతాడు, లాభం తనది, నష్టం అందరిదీ. కాబట్టి ఉమ్మడి వనరును ప్రభుత్వమైనా తీసుకోవాలి, సొంత ఆస్తిగానైనా పంచెయ్యాలి. ఈ వ్యాసం అధికారులకు బాగా నచ్చింది. నచ్చకేం, అడవులను వలస ప్రభుత్వం అంతకు వందేళ్ల ముందే అలా స్వాధీనం చేసుకుంది, ఇప్పుడు దానికి శాస్త్రం మద్దతు కూడా దొరికింది. ఎలినార్ ఆస్ట్రమ్ 1990లో వెలువరించిన పుస్తకం దీనికి జవాబు. స్విట్జర్లాండ్ కొండ పచ్చికబయళ్లు, జపాన్ గ్రామాల అడవులు, స్పెయిన్, ఫిలిప్పీన్స్ కాలువలు వందల ఏళ్లుగా ఉమ్మడిగానే ఉండి ఎందుకు నాశనం కాలేదని ఆమె అడిగింది. హార్డిన్ చెప్పింది కాపలా లేని వనరు గురించనీ, ఉమ్మడి వనరుకు కాపలా ఉండవచ్చనీ తేల్చింది. ఎవరికి హక్కుందో స్పష్టంగా ఉండటం, నియమాలు పాటించేవారే వాటిని మార్చుకోగలగడం, కాపలా కాసేవారు వాడకందార్లకే జవాబుదారీ కావడం, శిక్ష చిన్నదిగా మొదలై పెరగడం లాంటి ఎనిమిది లక్షణాలు పట్టుకుంది. 2009లో ఆమెకు ఆర్థికశాస్త్ర నోబెల్ వచ్చింది. ఆ మరుసటి ఏడాది మైకేల్ కాక్స్ బృందం 91 అధ్యయనాలను వడపోసి, స్వల్ప సవరణలతో ఈ లక్షణాలకు సాక్ష్యం గట్టిగానే ఉందని తేల్చింది. సామాజిక శాస్త్రాల్లో ఇంత పరీక్షకు నిలిచిన ప్రతిపాదనలు అరుదు.

ఆస్ట్రమ్ కన్నా రెండేళ్ల ముందు వచ్చి, ఆమెతో పాటు ఈ రంగానికి పునాదిగా నిలిచిన ఇంకో పుస్తకం ఉంది. అది మన నేల మీద పుట్టింది. రాబర్ట్ వేడ్ 1970ల చివర, 80ల మొదట కర్నూలు జిల్లాలో నలభై చిల్లర ఊళ్లు తిరిగి 1988లో ప్రచురించిన అధ్యయనం అది. కొన్ని ఊళ్లలో ఆయన చూసిన వ్యవస్థను ఏ ప్రభుత్వమూ పెట్టలేదు. సర్కారు పంచాయతీతో సంబంధం లేని ఊరి పెద్దల మండలి, దానికి సొంత నిధి, ఆ నిధితో జీతమిచ్చి పెట్టుకున్న నీరుకట్టేవాళ్లు, పొలం కాపలాదారులు ఉన్నారు. కాలువలో నీళ్లు తగ్గిన రోజుల్లో ఏ మడికి ఎప్పుడు నీళ్లో నీరుకట్టేవాడే చూస్తాడు, రైతు తూము దగ్గర చెయ్యి పెట్టడానికి లేదు. పంట మీద పడిన పశువును కాపలాదారు తోలుకెళితే యజమాని అపరాధ రుసుము కట్టాలి. కోతల తర్వాత బయటినుంచి వచ్చే గొర్రెల మందల మీద, ఊళ్లో సారా అమ్ముకునే హక్కు వేలం మీద వచ్చే డబ్బు నిధికి చేరుతుంది. పక్క ఊళ్లో ఇవేవీ లేవు. కులాలు అవే, భాష అదే, చట్టం అదే, మరి తేడా ఎక్కడ? వేడ్ జవాబు చాలా సాదాగా ఉంటుంది. కాలువ తల దగ్గరున్న ఊరికి నీళ్లు ఎలాగూ వస్తాయి, వ్యవస్థతో పని లేదు. కాలువ చివరన ఉన్న ఊరికి నీళ్లు రాకపోతే పంట పోతుంది. మంచి నేల ఉన్నచోట మేత ఎక్కువ, పశువులు ఎక్కువ, పంట మీద పడే ప్రమాదం ఎక్కువ. నష్టభయం ఎక్కడ గట్టిగా ఉందో అక్కడ ఊరు కూడింది. ఐకమత్యం, సంప్రదాయం, నైతికత అనే మాటలతో వేడ్‌కు పెద్దగా పని పడలేదు.

ఈ ఊళ్లలో నష్టపోయేవారూ, సంగతి తెలిసినవారూ, అధికారం చలాయించేవారూ ఒకరే. తూము దగ్గర ఏం జరిగిందో రాత్రికి ఊరికంతా తెలుస్తుంది. అడిగే హక్కు ఊరికే ఉంది. పై స్థాయిలో మాత్రం కథ వేరు. వేడ్ 1982లోనే రాసిన మరో వ్యాసం, దక్షిణాది కాలువల మీద ఇంజినీర్ల బదిలీలకు ఒక ధర ఎలా ఉంటుందో, ఆ ధర రాబట్టుకోవడానికి రైతుల దగ్గర వసూళ్లు ఎలా జరుగుతాయో వివరించింది. నీటి విడుదల అనిశ్చితంగా ఉంటేనే వసూళ్లు సాగుతాయి కాబట్టి అనిశ్చితిని తగ్గించడం ఆ వ్యవస్థకు ఇష్టముండదు. ఈ రెండు రచనలనూ కలిపి చదవాలి. పుస్తకం ఒక్కటే చదివితే ఊరి మీద భ్రమ కలుగుతుంది. వ్యాసం ఒక్కటే చదివితే ప్రభుత్వం మీద ఆశ పోతుంది.

1997లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం రైతుల భాగస్వామ్యంతో సాగునీటి యాజమాన్య చట్టం చేసింది. పది వేలకు పైగా నీటి వినియోగదారుల సంఘాలకు ఒక్క ఊపులో ఎన్నికలు జరిపించింది. ప్రపంచ బ్యాంకు మద్దతిచ్చింది, అంతర్జాతీయ సదస్సుల్లో అది ఆదర్శమైంది. పరిశోధన చెప్పినదాన్ని ప్రభుత్వం ఇంత విస్తారంగా అమలుచేసిన ఉదాహరణలు ప్రపంచంలోనే తక్కువ. కానీ ప్రభుత్వం తీసుకున్నది సంఘం అనే రూపాన్ని మాత్రమే. పెద్ద కాలువలో ఎప్పుడు ఎంత నీరు వదలాలో నిర్ణయం నీటిపారుదల శాఖ దగ్గరే ఉండిపోయింది. నీటి తీరువా వసూలు రెవెన్యూ శాఖది, ఆ డబ్బు ఖజానాకు వెళ్లి తిరిగి సంఘానికి రావాలి. సంఘానికి మిగిలింది కాలువ మరమ్మతు పనులు. పనులంటే కాంట్రాక్టులు, కాంట్రాక్టులంటే రాజకీయం. క్రమంగా ఎన్నికలు వెనకబడ్డాయి, ఆంధ్రప్రదేశ్‌లో మళ్లీ 2024 డిసెంబర్‌లో జరిగాయి. ఎన్నికలు ఏళ్ల తరబడి లేకపోయినా కాలువ ఏదో ఒక రకంగా నడిచిందంటే, నడిపే అధికారం ఆ సంఘాల దగ్గర ఎప్పుడూ లేదన్నమాట. రైతులకు చైతన్యం లేక సంఘాలు విఫలమయ్యాయని అధికార నివేదికలు రాసే మాటను నేను ఒప్పుకోలేను. అదే కర్నూలు జిల్లాలో అదే రైతులు ఏ చట్టం లేకుండా నీరుకట్టేవాళ్లను పెట్టుకున్నారు.

భూగర్భజలాల విషయంలో మన దగ్గర ఇంకా స్పష్టమైన పరీక్ష జరిగింది. 2003 నుంచి కొన్నేళ్లపాటు అనంతపురం, కర్నూలు, కడప, చిత్తూరు, ప్రకాశం, మహబూబ్‌నగర్, నల్గొండ జిల్లాల్లోని వందల గ్రామాల్లో రైతులే భూగర్భజలాలను చూసుకునే పథకం ఒకటి నడిచింది. ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ తోడ్పాటుతో, స్వచ్ఛంద సంస్థల ద్వారా సాగింది. వర్షమాపకం చూసేదీ, బావుల్లో నీటిమట్టం కొలిచేదీ, బోరు ఎంత పోస్తుందో లెక్కగట్టేదీ రైతులే. రబీ ముందు అందరూ కూర్చుని ఉన్న నీరెంత, అనుకున్న పంటలకు కావలసిందెంత అని ఊరి నీటి బడ్జెట్ వేసుకునేవారు. బడి చదువు పెద్దగా లేని మహిళలు, పురుషులు కూడా జలవిజ్ఞానాన్ని అర్థం చేసుకుని వాడగలరని ఈ పథకం నిరూపించింది. ఇది చిన్న విజయం కాదు. 2010లో ప్రపంచ బ్యాంకు నివేదిక దీన్ని మెచ్చుకుంది. రైతుకు సమాచారమిస్తే చాలు, బలవంతం లేకుండానే వాడకం తగ్గుతుందన్న నమ్మకం బలపడింది. పథకం ముగిసిన తర్వాత వెళ్లి చూసిన పరిశోధకులకు ఇంత ఉత్సాహం కలగలేదు. 2012లో వెలువడిన ఒక క్షేత్రపరిశీలన, కొలతలూ బడ్జెట్ సమావేశాలూ చాలాచోట్ల పథకంతో పాటే సద్దుమణిగాయని చెప్పింది. ఎందుకు నిలవలేదో ఊహించడం కష్టం కాదు. బడ్జెట్ లోటు చూపించినా కొత్త బోరు వేసేవాణ్ని ఆపే హక్కు ఆ సమావేశానికి లేదు. 2004 మే నెలలో వ్యవసాయానికి ఉచిత విద్యుత్ వచ్చాక మోటారు ఆపితే మిగిలే డబ్బు కూడా లేదు. నేను ఆపితే పక్కవాడు తోడుకుంటాడు, అంతే. ఇక్కడ సమాచారం రైతు దగ్గర ఉంది, అధికారం లేదు.

అధికారం ఎక్కడుందంటే 2002 నాటి వాల్టా చట్టంలో ఉంది. నీరు, భూమి, చెట్ల రక్షణకు చేసిన ఆ చట్టం ప్రకారం బోరు వెయ్యాలంటే అనుమతి కావాలి, అతిగా తోడిన ప్రాంతాల్లో కొత్త బోర్లను నిషేధించవచ్చు. ఆ అధికారం జిల్లాలో కలెక్టర్ నాయకత్వంలోని సంస్థకూ, కింద మండల స్థాయి అధికారులకూ ఇచ్చారు. నష్టపోని చేతుల్లో, రోజువారీ సమాచారం లేని చేతుల్లో అధికారం పెట్టడమంటే ఇదే. రెండు తెలుగు రాష్ట్రాల్లో ఎక్కడ రిగ్గు తిరిగినా వాల్టా అడ్డుపడిందన్న మాట అరుదుగా వినిపిస్తుంది. మహారాష్ట్రలోని హివరే బజార్ గ్రామంలో సమాచారం, అధికారం రెండూ ఒకచోటికి వచ్చాయి. ఏటా నీటి లెక్క వేసేదీ, సాగుకు బోరుబావులు వద్దనీ, చెరకు వద్దనీ నిర్ణయించేదీ, ఆ నిర్ణయాన్ని అమలుచేసేదీ గ్రామసభే. ఆ ఊరిని నడిపించిన పోపట్‌రావ్ పవార్ లాంటి నాయకుడు ప్రతి ఊరికీ దొరకడన్న విమర్శ న్యాయమైనదే. కానీ మన దగ్గర కూడా వి. రత్నారెడ్డి, సహపరిశోధకులు 2014లో ఆంధ్రప్రదేశ్‌లోని మూడు భూగర్భజల నమూనాలను పోల్చి చూశారు. వాటిలో బోరున్న రైతులు బోరులేని పొరుగువారికి పైపుల ద్వారా నీరు పంచి, బదులుగా కొత్త బోర్లు వెయ్యకూడదని కట్టుబాటు చేసుకున్న నమూనా కూడా ఉంది. ఆ ఒప్పందంలో కిటుకు గమనించండి. బోరు లేనివాడికి నీళ్లలో వాటా దొరికింది కాబట్టి కట్టుబాటు తప్పితే అతనికీ నష్టమే. కాపలాకు జీతగాడు అక్కర్లేదు.

కాలుష్యం దగ్గరికి వస్తే ఊరి సభలు సరిపోవు, యంత్రాలూ తనిఖీలూ కావాలి. ఇక్కడ ఆర్థికవేత్తలు గత పదిహేనేళ్లలో చేసిన పని మెచ్చుకోదగ్గది. మైకేల్ గ్రీన్‌స్టోన్, రీమా హన్నా 2014లో భారత నగరాల సమాచారంతో చేసిన అధ్యయనంలో గాలి కాలుష్య నిబంధనలకు కొంత ఫలితం కనిపించింది, నదుల శుద్ధి పథకాలకు కొలవదగ్గ ఫలితం కనిపించలేదు. గాలి విషయంలో నగర ప్రజల ఒత్తిడి, సుప్రీంకోర్టు జోక్యం పనిచేశాయన్నది వారి అంచనా. నది కాలుష్యాన్ని భరించేది దిగువనున్నవారు, ఎగువ మునిసిపాలిటీని అడిగే దారి వారికి లేదు. గుజరాత్‌లో ఎస్తేర్ డఫ్లో, గ్రీన్‌స్టోన్, రోహిణి పాండే, నికొలస్ ర్యాన్ 470కి పైగా పరిశ్రమలతో చేసిన ప్రయోగం ఇంకా సూటిగా ఉంటుంది. అంతవరకూ పరిశ్రమ తానే ఆడిటర్‌ను ఎంచుకుని, తానే డబ్బు చెల్లించి కాలుష్యం కొలిపించుకునేది. రీడింగులు విచిత్రంగా పరిమితికి కాస్త కిందే ఉండేవి. ఆడిటర్లను లాటరీ పద్ధతిలో కేటాయించి, ఉమ్మడి నిధినుంచి జీతమిచ్చి, మళ్లీ తనిఖీ చేయించేసరికి రీడింగులు నిజానికి దగ్గరయ్యాయి, పరిశ్రమలు కాలుష్యం తగ్గించాయి కూడా. అదే బృందం, తనిఖీల సంఖ్యను మాత్రమే పెంచితే ఉల్లంఘనలు ఎక్కువగా బయటపడ్డాయి గానీ ఉద్గారాలు పెద్దగా తగ్గలేదని కూడా చూపించింది. సమాచారం ఎవరి జీతం తింటుందన్నది, సమాచారం ఎంత ఉందన్నదాని కంటే ముఖ్యం.

సూరత్‌లో 2019లో మొదలైన ధూళికణాల ఉద్గార విపణి నా వాదనకు అడ్డొస్తుందని ఎవరైనా అనవచ్చు. అక్కడ చుట్టుపక్కల జనానికి ఏ అధికారమూ ఇవ్వలేదు. నియంత్రణ మండలి పరిమితి పెట్టింది, పొగగొట్టాల్లో నిరంతర కొలత యంత్రాలు అమర్చేలా చేసింది, పరిశ్రమలు అనుమతి పత్రాలు కొనుక్కున్నాయి. ఉద్గారాలు 20 నుంచి 30 శాతం తగ్గాయని పరిశోధకులు లెక్కగట్టారు. ఇది నిజమైన అభ్యంతరం, దాటేయడానికి వీల్లేదు. కాబట్టి నా మాటను కొంత సవరించుకోవాలి. సమాచారం కల్తీ కానిదై, తప్పినవాడి మీద డబ్బు రూపంలో నష్టం వెంటనే పడేట్టు చేస్తే ప్రభుత్వమే నష్టపోయేవారి స్థానంలో నిలబడగలదు. అంటే అప్పుడు కూడా రెండూ కావాలి. ప్రభుత్వం ఆ స్థానంలో ఎంతకాలం నిలబడుతుందన్నదే మిగిలిన ప్రశ్న. దానికి హైదరాబాద్ జంట జలాశయాల చరిత్ర కొంత జవాబిస్తుంది.

1908 మూసీ వరదల తర్వాత కట్టిన ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ దశాబ్దాల పాటు నగరానికి తాగునీరిచ్చాయి. వాటి పరీవాహక ప్రాంతంలో పదికిలోమీటర్ల మేర కాలుష్య పరిశ్రమలనూ పెద్ద నిర్మాణాలనూ నిషేధిస్తూ 1996లో 111వ జీవో వచ్చింది, 84 గ్రామాలకు వర్తించింది. ఆ పరిధిలో పెట్టదలచిన ఒక నూనె పరిశ్రమ వివాదమే 1999లో సుప్రీంకోర్టు ప్రసిద్ధ తీర్పుకు దారితీసింది. తీర్పు రాసిన జస్టిస్ ఎం. జగన్నాథరావు, ప్రమాదం లేదని రుజువు చేయాల్సిన భారం పరిశ్రమ పెట్టేవాడిదేనన్నారు. శాస్త్రజ్ఞులు కూడా న్యాయమూర్తులతో కలిసి కూర్చునే పర్యావరణ కోర్టులు కావాలన్నారు. ఆయన అధ్యక్షతన లా కమిషన్ 2003లో ఇచ్చిన 186వ నివేదిక అదే సిఫారసు చేసింది. హరిత ట్రిబ్యునల్ ఆలోచన వెనుక ఒక తెలుగు న్యాయమూర్తి, హైదరాబాద్ చెరువుల వ్యాజ్యం ఉన్నాయన్న సంగతి మన పాఠ్యపుస్తకాల్లో కనిపించాల్సింది. ఇంత బలమైన రక్షణ ఉన్న జీవోను 2022లో రాష్ట్ర ప్రభుత్వం సడలించింది. కృష్ణా, గోదావరి జలాలు నగరానికి వచ్చాక ఈ జలాశయాల మీద ఆధారపడటం తగ్గిందన్నది దానికి చూపిన కారణం. నీళ్లు తాగే నగరానికి నష్టభయం పోగానే కాపలా సడలింది. ఇంకోవైపు ఆ 84 గ్రామాల రైతులు పాతికేళ్లపాటు తమ భూమికి పక్క ఊరి ధర రాక నష్టపోయారు, వారికెవరూ పరిహారం ఇవ్వలేదు. న్యూయార్క్ నగరం 1997 ఒప్పందం కింద తన తాగునీటి పరీవాహకంలోని రైతులకూ ఊళ్లకూ డబ్బు చెల్లించి నీటిని కాపాడుకుంటోంది. కొత్త శుద్ధి కేంద్రం కట్టడం కన్నా అది చవక. మనం ఖర్చంతా గ్రామాల మీద వేసి, లాభం నగరానికిచ్చి, తర్వాత గ్రామాలు జీవో ఎత్తెయ్యమంటే ఆశ్చర్యపోయాం.

అయితే నష్టపోయేవారికి అధికారం అన్నప్పుడు ఏ నష్టపోయేవారు అన్న ప్రశ్న వస్తుంది. ఈ రంగంలో అన్నిటికన్నా గట్టి విమర్శ ఇదే. వేడ్ చూసిన ఊరి మండళ్లలో కూర్చున్నది భూమున్న పెద్దరైతులు. కాలువ నీటి మీద చక్కగా సహకరించుకున్న ఊళ్లే దళితవాడకు తాగునీటి బావి దగ్గర అడ్డుపడిన చరిత్ర ఈ దేశానిది. అంబేద్కర్ గ్రామాన్ని ఎందుకు నమ్మలేదో మనకు తెలుసు. కొల్లేరు ఇందుకు పెద్ద సాక్ష్యం. 1970ల్లో మత్స్యకారుల సహకార సంఘాలకంటూ ప్రభుత్వమే చేపల చెరువులు తవ్వించింది. కాలక్రమంలో పెట్టుబడి ఉన్న బయటివారు వాటిని లీజుకు తీసుకున్నారు. 1999లో ఐదో కాంటూరు వరకూ అభయారణ్యంగా ప్రకటించి, 2006లో చెరువుల గట్లు తెగ్గొట్టినప్పుడు దెబ్బ అందరికీ తగిలింది గానీ పెద్ద పెట్టుబడి తిరిగి లేచింది, చిన్న వేటగాడు లేవలేదు. వనసంరక్షణ సమితుల అనుభవం కూడా ఇలాంటిదే. 1992 నుంచి వేల సమితులు ఏర్పడ్డాయి, కానీ గిరిజనుల పోడు భూములు చాలాచోట్ల ఆ సమితుల కిందికి వెళ్లిపోయాయి, సమితి ఖాతా మీద అటవీశాఖ పెత్తనం సాగింది.

ఈ విమర్శను నేను పూర్తిగా ఒప్పుకుంటాను. దానినుంచి ప్రభుత్వమే అన్నీ చూసుకోవాలన్న ముగింపుకు వెళ్లడాన్ని మాత్రం ఒప్పుకోను. కొల్లేరులో, పోడు భూముల్లో అన్యాయం చేసింది ఊరి స్వపరిపాలన కాదు, ఊరి పేరుతో శాఖలూ పెట్టుబడీ నడిపిన వ్యవహారం. బలహీనుడికి చట్టబద్ధమైన హక్కు చేతికి వచ్చినప్పుడు ఫలితం మారింది. 1997లో సమత అనే స్వచ్ఛంద సంస్థ వేసిన కేసులో సుప్రీంకోర్టు, షెడ్యూల్డ్ ప్రాంతాల్లోని భూమిని ప్రైవేటు గనుల కంపెనీలకు లీజుకివ్వడం కుదరదని తేల్చింది. విశాఖ మన్యంలో బొర్రా చుట్టుపక్కల గిరిజన గ్రామాల తరఫున వేసిన ఆ అడుగు దేశమంతటికీ ప్రమాణమైంది. 2013లో ఒడిశా నియమగిరిలో గ్రామసభలను అడిగి తీరాలని అదే కోర్టు చెబితే, పన్నెండు సభలూ బాక్సైట్ తవ్వకాన్ని కాదన్నాయి. రామచంద్ర గుహ, జోన్ మార్టినెజ్ అలియర్ పేదల పర్యావరణవాదం అని వర్ణించింది దీన్నే. పర్యావరణం తిండి నిండినవాడి విలాసం కాదని 1990ల్లో వారు రాసినప్పుడు పాశ్చాత్య విద్యాలోకానికి అది కొత్త. బొర్రా, నియమగిరి జనానికి కొత్త కాదు. పాశ్చాత్య ప్రజాస్వామ్యాల్లోని మూడువందలకు పైగా పర్యావరణ నిర్ణయాలను 2020లో విశ్లేషించిన జర్మన్ పరిశోధకుల బృందం కూడా, పాల్గొన్నవారికి నిజంగా నిర్ణయాధికారం అప్పగించడమే మంచి పర్యావరణ నిర్ణయాలతో స్థిరంగా ముడిపడి ఉందని తేల్చింది. మన ప్రజాభిప్రాయ సేకరణ సభల్లో షామియానా ఉంటుంది, మైకు ఉంటుంది, వీడియో తీస్తారు. కాదనే హక్కు ఉండదు.

ముందు అభివృద్ధి, తర్వాత పర్యావరణం అనే వాదం గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. ఆదాయం పెరిగేకొద్దీ కాలుష్యం మొదట పెరిగి తర్వాత తగ్గుతుందని గ్రాస్‌మన్, క్రూగర్ 1990ల్లో చూపింది గంధకపు పొగ వంటి స్థానిక కాలుష్యాల్లో. ఆ తగ్గుదల దానంతటదే రాదనీ, జనం అడిగి నియమాలు తెచ్చుకోవడం వల్లే వస్తుందనీ వారే రాశారు. వాతావరణ మార్పు లేవనెత్తే అభ్యంతరం మాత్రం బరువైనది. నష్టపోయేది రేపటి తరం, దూరదేశం అయినప్పుడు వారి చేతికి అధికారం ఎలా ఇస్తాం? ఓజోన్ పొరకు 1987 మాంట్రియల్ ఒప్పందం పనిచేసింది, ఎందుకంటే ఉత్పత్తిదారులు కొద్దిమంది, ప్రత్యామ్నాయం దగ్గర్లో ఉంది, నష్టం అందరికీ తెలిసింది. కార్బన్ విషయంలో ఇవేవీ లేవు. ఇక్కడ నా వాదన పరిమితి ఒప్పుకోవాలి. కార్బన్‌ను గ్రామసభలు ఆపలేవు. కానీ కార్బన్ పేరుతో జరిగే పనులు, అంటే సోలార్ పార్కులకు భూమి, అటవీ తోటలు, పంప్డ్ స్టోరేజి జలాశయాలు, ఎక్కడో ఒక ఊళ్లోనే దిగుతాయి. అక్కడ ఈ సూత్రం మళ్లీ వర్తిస్తుంది.

ఈ రంగం తన గురించి తాను అడగాల్సిన ప్రశ్నలు కొన్ని ఉన్నాయి. 2022లో ఒక అంతర్జాతీయ పర్యావరణ సూచిక భారత్‌ను 180 దేశాల్లో చివర పెట్టింది. ప్రభుత్వం ఆ పద్ధతిని తప్పుపట్టింది. రెండు పక్షాల వాదనా చదివాక, కర్నూలు చివరి ఆయకట్టు రైతుకో పటాన్‌చెరు నివాసికో పనికొచ్చే మాట రెండింట్లోనూ దొరకదు. అరుణ్ అగర్వాల్ 2001లోనే ఎత్తిచూపినట్టు, ఉమ్మడి వనరుల నిర్వహణ విజయానికి దోహదం చేసే పరిస్థితుల జాబితా ముప్పై దాటింది. ఇన్ని ఉంటే ఏదైనా వివరించవచ్చు, ఏదీ ముందుగా చెప్పలేం. అన్నిటికన్నా పెద్ద లోపం కాలానికి సంబంధించింది. అధ్యయనాలు ఎక్కువగా పథకం నడుస్తుండగా జరుగుతాయి, నిధులిచ్చినవారికే నివేదికలు వెళతాయి. పథకం ముగిసిన పదేళ్లకు మళ్లీ అదే ఊరికి వెళ్లేవారు బహు తక్కువ. గుజరాత్‌లో పరిశ్రమ జీతమిచ్చిన ఆడిటర్‌ను తప్పుపట్టిన రంగం, తన నివేదికలకు ఎవరు జీతమిస్తున్నారో అంత కఠినంగా చూసుకోలేదు.

ఇది మన విశ్వవిద్యాలయాలు చేయగలిగిన పని. పెద్ద నిధులూ విదేశీ భాగస్వాములూ అక్కర్లేదు. వేడ్ తిరిగిన కర్నూలు ఆయకట్టు ఊళ్లు, నీటి బడ్జెట్లు వేసుకున్న ఏడు కరువు జిల్లాల గ్రామాలు, 111 జీవో కింది 84 ఊళ్లు, కొల్లేరు లంకలు అన్నీ బస్సు దూరంలో ఉన్నాయి. నీరుకట్టేవాళ్లు ఇంకా ఉన్నారా, బడ్జెట్ పుస్తకాల్లో ఆఖరి పేజీ ఏ సంవత్సరానిది, బోర్లు ఎన్ని పెరిగాయి, చెరువులు ఎవరి లీజులో ఉన్నాయి అని చూసి రావాలి. వచ్చినవారు దాన్ని ఇంగ్లీషు పత్రికకు పంపే ముందు ఆ ఊరి గ్రామసభలో తెలుగులో చదివి వినిపించాలి. వాల్టా చట్టంలో మండల అధికారికి ఉన్న అనుమతి అధికారాన్ని గ్రామసభకు బదిలీ చేసే సవరణ తేవడం శాసనసభల పని. రెండు రాష్ట్రాల్లో ఏ ప్రభుత్వమైనా ముందుగా ఒక్క మండలంలో చేసి చూడవచ్చు.